నాచు బీరువా

సముద్రం నేను చూడలే.
కానీ ముప్పైనాలుగేండ్లు
దాని తడి బట్టలు ఆరేసిన.

హనుమకొండ కాలేజీల బాటనీ ల్యాబు,
కిటికీ అవతల పద్మాక్షి గుట్ట,
ఎండకు కాలే బండల వాసన.
ఏటా మాఘ అమాస దాటినంక
కాజీపేట టేషన్ల సారు దిగేటోడు,
ఎనుక పిల్లలు,
పిల్లల చేతుల్ల సీసాలు, గోనెసంచులు,
సంచులల్ల ఉప్పు వాసనేసే పీచు.
"పైలం మొండయ్యా, ఇది వైజాగు" అనేటోడు,
ఊరుకు ఊరే మూటగట్టి తెచ్చినట్టు.

తెల్లపళ్లెంల నీళ్లు పోసి
ఒక్కో పోగు ఇడిస్తె
ముడుసుకున్నది మెల్లగ ఇప్పుకునేది,
కొత్తవాడల మా నాయిన
జంపఖానా మడత ఇప్పినంత నిదానంగ.
కిందికెళ్లి కాగితం జొరబెట్టి ఎత్తాలె,
ఊపిరి బిగబట్టి.
జిగురు అక్కెరలేదు, దానికదే అంటుకుంటది.
పైన పాత ధోతి గుడ్డ, గుడ్డ మీద పేపరు,
పేపరు మీద గుట్ట నుంచి మోసుకచ్చిన రెండు రాళ్లు.

పేర్లకు నా నోరు తిరుగకపోయేది.
ఎర్ర గ్రాసిలేరియాను గరిశె అనేటోన్ని.
బుడ్డలు బుడ్డల సర్గాసం నాకు పల్లికాయ.
పచ్చటి ఉల్వాకు పేరెందుకు, అది పిలువకున్నా వచ్చేది.
ఇంకొకటి ఉండె,
ఊదారంగుది, ఉల్లిపొరోలె పలచన.
ఎత్తంగనే చిరిగేది.
దానికోసమే నేను గోర్లు కత్తిరించుకునేటోన్ని.

మొదటేడు బీరువా తలుపు పడలే.
రానురాను సంచులు తేలికైనయి.
చార్జీలు పెరిగినయి, పిల్లలు తగ్గిన్రు,
సారు మోకాళ్లు పాకురు బండల మీద నిలుస్తలేవు,
గట్లనే అనుకున్నం.
పచ్చటిది మాత్రం పళ్లెం నిండ.
ఎర్రటివి ఖాళీ చేసిన జాగల గూడ
అదే కాళ్లు జాపుకున్నట్టు.
మగ్గం కాడ ఒక్క పోగు రంగు మారితె కండ్లకు ఆనది.
ఇరువై మూరలు నేసి పరిస్తె గని
తెలువది,
ఇది మనం మొదలుపెట్టిన రంగు కాదని.

రిటైరైనంక మట్టెవాడ నుంచి నౌషీన్ అచ్చింది,
కెమెరా, కంప్యూటరు, ఓపిక పట్టుకొని.
చీటీలన్ని పురుగులు తిన్నయి.
"తారీకు లేకుంటె ఇవి ఉత్త బొమ్మలే తాతా" అన్నది.
మెట్ల కింది ట్రంకుపెట్టె గుంజిన.
నాచు మీద పరిచిన పేపర్లు
ఒక్కటి గూడ నేను చిత్తుకు అమ్మలే.
ఎన్నికల వార్త మీద గరిశె మరక,
సిన్మా బొమ్మ మొకం మీద పల్లికాయ బుడ్డలు.
చెప్పుకు కాలు కుదిరినట్టు
ఏ మరకకు ఆ కాగితం కుదిరింది.
తారీకు పేపరు నెత్తి మీదనే ఉండె.

ఉల్లిపొర ఆఖరు మరక
ఎనుమాముల మార్కెట్ల పత్తి ధర పక్కన,
తొంభయారు, ఫిబ్రవరి.
"రంగులు ఎలిసినయి తాతా, సముద్రంలనేనా?"
"కాదు, బీరువాల. దాన్ని దీన్ని కలుపకు."

తర్వాతి ఏడు కాడ ఆమె 'లేదు' అని కొట్టింది.
లేదు అని రాయకు బిడ్డా.
ఆ ఏడు రైలు ఆలిశం, పోటు ముందే ఎక్కింది,
పిల్లలు చెప్పులు తడవకుండ ఒడ్డుకే ఏరిన్రు.
దొరకలే అని రాయి.
తుడిచి రాసింది: దొరకలే.
మళ్లేడు, దొరకలే.
ఆ మళ్లేడు రైలు టైముకే అచ్చింది,
సారు నడుములోతు దిగిండు.
దొరకలే.

పదకొండు సార్లు రాసి
పన్నెండోసారి వేలు ఆపి
నా దిక్కు చూసింది.
నేను కిటికీలకెళ్లి గుట్టను చూసిన.
పళ్లెం పొడిగనే ఉంది.
అయినా కడుగుదామని లేచిన.